కృత్రిమ మేధ – క్రైస్తవ సంఘాలు చేయవలసిన పని

కృత్రిమ మేధను గూర్చి క్రైస్తవ సంఘాలలో ప్రస్తుతం రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో చెప్పిన మృగం ఇదేననీ, విశ్వాసులు దీని జోలికి పోరాదనీ కొందరంటున్నారు. శనివారం రాత్రి పది నిమిషాలలో ఆదివారం ప్రసంగం రాసిపెడుతున్నది గనుక ఇది దేవుడిచ్చిన వరమేనని మరికొందరి సంబరం. విచిత్రమేమంటే ఈ రెండు మాటలూ ఒక్కొక్కప్పుడు ఒకే నోట వస్తుంటాయి. మృగాన్ని గూర్చిన ప్రసంగాన్ని ఆ మృగం చేతనే రాయించుకొనేవారూ లేకపోలేదు.

ఈ రెండు ధోరణుల వల్లనూ సంఘాలకు ఒరిగేదేమీ లేదు. భయపడినవాడు దాని దరికి పోడు. మురిసిపోయినవాడు అది ఇచ్చింది పుచ్చుకొని ఊరుకొంటాడు. ఆ యంత్రం మాటలు ఎక్కడ నేర్చింది, ఎవరి కష్టం మీద నడుస్తున్నది, పేదసాదలను గూర్చి ఏమని చెబుతున్నది అని అడగాలన్న ఆలోచన ఇద్దరికీ రాదు. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబరులో. ఈ కొద్ది కాలంలోనే బడులకు, ఆసుపత్రులకు, బ్యాంకులకు ఈ విద్య పాకింది. సారె మీద మట్టి పచ్చిగా ఉన్నప్పుడే దానికి ఒక రూపు తేవచ్చు.

ఒంగోలు ప్రాంతపు క్రైస్తవులకు ఇటువంటి సందర్భం బొత్తిగా కొత్తదేమీ కాదు. 1876-78 నాటి మహా కరువులో మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా చేపట్టింది. పనికి వెళ్ళిన మాదిగలకు ఇతర మేస్త్రీల కింద న్యాయం జరగడం లేదని తెలిసి, 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ మూడు మైళ్ళకు పైగా కాలువ పనిని తానే కాంట్రాక్టుకు తీసుకొన్నారు. మత ప్రచారానికి వచ్చిన దొరకు కాలువ కాంట్రాక్టు ఏమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. ఆయన మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసిన మనిషి. లెవెలు చూడడం, మట్టి కొలవడం ఆయనకు తెలుసు. తన సువార్తికులనే మేస్త్రీలుగా నిలబెట్టి, వచ్చినవారికి పని చూపి, కూలి చేతికి అందేటట్లు చూశారు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. బాప్తిస్మం కావాలని జనం అడుగుతున్నా ఆయన పదిహేను నెలల పాటు ఎవరికీ ఇవ్వలేదు. కూలి కొరకు, గంజి కొరకు మతం పుచ్చుకొన్నారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సహాయం పనులు ముగిశాకనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ మతాంతరాలకూ కరువుకూ ముడిపెట్టి విమర్శించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వాదన తెగేది కాదు. అయితే జూబిలీ సభలలో 2,222 అన్న అంకెను చెప్పుకొన్నంతగా ఆ పదిహేను నెలల నిగ్రహాన్ని చెప్పుకోరు. పని తెలిసిన మనిషి పనిలోకి దిగడం, దిగిన తరువాత షరతులు తానే పెట్టుకోవడం, లాభం వచ్చే చోట చేయి వెనక్కి తీసుకోవడం - నేటి కృత్రిమ మేధ విషయంలో సంఘాలకు పనికివచ్చేది ఇదే.

పాఠం ఇదివరకే అప్పజెప్పారు

క్రైస్తవులు ఇష్టపడినా పడకపోయినా ఈ యంత్రాలతో వారికి ఇదివరకే సంబంధం ఏర్పడింది. ఆ సంగతి సంఘాలలో చాలామందికి తెలియదు.

ఫేస్‌బుక్ యాజమాన్య సంస్థ అయిన మెటా 2023 మే నెలలో ఒక సాధనాన్ని విడుదల చేసింది. మనుషుల మాట విని అక్షరాలలో పెట్టడం, అక్షరాలు చూసి పైకి చదవడం దాని పని. 1,100కు పైగా భాషలలో అది ఈ పని చేస్తుంది. లోకంలో ఇన్ని చిన్న భాషలలో పుస్తకాలే కరువు, ఇక రికార్డు చేసిన మాటలెక్కడివి అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. అవి కొత్త నిబంధన పారాయణాలు. చదువురాని వారికి వినిపించడం కొరకు సువార్త సంస్థలు దశాబ్దాల తరబడి ఊరూరా చదివించి రికార్డు చేయించిన శబ్దాలు. ఏ అధ్యాయం చదువుతున్నారో ముందే తెలుసు. అచ్చు పాఠం చేతిలో ఉంటుంది. శబ్దాన్నీ అక్షరాన్నీ జతపరచి యంత్రానికి నేర్పడానికి ఇంతకంటె అనువైనది దొరకదు. ఒక్కొక్క భాషకు సగటున 32 గంటల పారాయణం సరిపోయింది.

పూర్తి బైబిలు 700కు పైగా భాషలలో ఉన్నది. ఏ గ్రంథానికీ ఇన్ని అనువాదాలు లేవు. కనుక యంత్రాలకు చిన్న భాషలు నేర్పదలచిన వారెవరైనా ముందుగా తట్టే తలుపు ఇదే. సువార్త కొరకు గొంతు ఇచ్చిన పల్లెటూరి మనిషికి తన గొంతు ఒక పెద్ద కంపెనీ యంత్రానికి ఓనమాలు దిద్దిస్తుందన్న ఊహ కూడా ఉండి ఉండదు. మతగ్రంథం విని నేర్చినందువల్ల యంత్రం మాటలకు మతవాసన అంటలేదని ఆ సంస్థ పరీక్షలు జరిపి ప్రకటించింది. అది నిజమే కావచ్చు. కాని నెమ్మదిగా, స్పష్టంగా చదివిన పారాయణం వేరు; సంతలో బేరమాడే మాట వేరు; ప్రసవం నొప్పులు వస్తున్న తల్లి ఆసుపత్రిలో చెప్పుకొనే మాట వేరు. ఒక భాష అంతటినీ ఒక్క గ్రంథం నుంచి నేర్చిన యంత్రానికి ఈ మిగతా మాటలు ఎవరు చెబుతారు? పారాయణం ఇచ్చినవారే ఇవ్వడం న్యాయం. మన్యంలో కోయల మధ్య, సవరల మధ్య పనిచేస్తున్న సంఘాలు, సంఘ ఆసుపత్రులు తలచుకొంటే ఇది సాధ్యమే.

తెలుగు సంగతికే వస్తే, 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్‌లు సువార్తలను తెలుగు చేయడానికి పూనుకొన్నప్పుడు వారి పక్కన ఆనందరాయరు అనే తెలుగువాడు కూర్చొన్నాడు. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు, భాష తెలిసినవాడు. దొరలిద్దరూ అచ్చు చూడకుండానే పోయారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఈనాటి యంత్రం పక్కన ఆనందరాయరు లేడు. అందుచేతనే అది రాసే తెలుగు ప్రసంగాలలో సగం ఇంగ్లీషు వాసన. లేని వచనానికి సంఖ్య వేసి చూపుతుంది. ఒక అనువాదంలోని మాటను మరొక అనువాదంలోని మాటతో అతుకుతుంది. పట్నంలో నలుగురు చదువుకొన్న వారున్న సంఘంలో ఎవరో ఒకరు పట్టుకొంటారు. దర్శి వైపు ఏ చిన్న పల్లెలోనో, సొంత గ్రంథాలయమంటూ లేని కాపరి ఆ కాగితం చూసి చదివితే అడిగేవారెవరు?

ఇటువంటి పొరపాట్లు ధనిక దేశాలలోనూ జరిగాయి. అమెరికాలో కేథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో ‘ఫాదర్ జస్టిన్’ అనే యంత్ర గురువును ప్రవేశపెట్టింది. అది తాను నిజమైన గురువునేనని చెప్పుకొన్నది, పాపసంకీర్తనం విన్నది. గేటరేడ్ అనే పానీయంతో పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వవచ్చునా అని అడిగితే ఇవ్వవచ్చునన్నది. రెండు మూడు రోజులు తిరగకుండానే సంస్థవారు దాని అంగీ విప్పించి, పేరులో ‘ఫాదర్’ తీసివేసి, మామూలు జస్టిన్‌ను చేశారు. అంతకు ముందు సంవత్సరం, 2023 జూన్‌లో, జర్మనీలోని ఫుర్త్ పట్టణంలో ఒక లూథరన్ మందిరంలో 300 మందికి పైగా కూర్చొని యంత్రం నడిపిన ఆరాధనను విన్నారు. తెర మీద బొమ్మ మనుషులు ప్రార్థించారు, ప్రసంగించారు. అక్కడక్కడ జనం నవ్వారు. మాటలు బాగానే ఉన్నాయి గాని ప్రాణం లేదని విన్నవారిలో కొందరు చెప్పారు. చావు ఇంటికి వెళ్ళి రాత్రంతా కూర్చొన్న కాపరి మర్నాడు చెప్పే నాలుగు ముక్కలకు ఉండే బలం ఎక్కడి నుంచి వస్తుందో పల్లెలలో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు.

ప్రార్థన మనవి ఎవరి చేతిలో పడుతున్నది?

ప్రసంగాల సంగతి అలా ఉంచి, దీనికంటె పెద్ద ప్రమాదం ఒకటి నిశ్శబ్దంగా ప్రవేశిస్తున్నది. సంఘంలో జనం కాపరికి చెప్పుకోనిదంటూ ఉండదు. కూతురి కాపురం, కొడుకు తాగుడు, బయటికి చెప్పుకోలేని రోగం, తీర్చలేని అప్పు, అన్నీ ప్రార్థన మనవులుగా వస్తాయి. ఈ మనవులను పేర్లతో సహా ఫోనులో యంత్రానికి చెప్పి, ‘వీటన్నిటినీ కలిపి ఒక ప్రార్థన రాయి’ అని అడిగితే క్షణంలో రాసిపెడుతుంది. కాని ఆ కుటుంబాల గుట్టు అంతా ఆ క్షణంలోనే ఏ దేశంలోనో ఉన్న కంపెనీ కంప్యూటరులో పడినట్లు. అది అక్కడ ఎంతకాలం ఉంటుందో, ఎందుకు వాడతారో చెప్పినవారికీ తెలియదు, చెప్పించుకొన్నవారికీ తెలియదు.

సంఘ రిజిస్టరు విషయం ఇంకా సున్నితమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు. ఇది న్యాయమా, అన్యాయమా అన్నది దశాబ్దాలుగా నలుగుతున్న వివాదం. న్యాయం ఎటున్నా, ఈ రాష్ట్రంలో బాప్తిస్మపు రిజిస్టరులోని ఒక వరుస ఒక మనిషి చదువునూ, ఉద్యోగాన్నీ, ఎన్నికలలో పోటీ చేసే అర్హతనూ తారుమారు చేయగలదు. ఇన్నాళ్ళూ ఆ పుస్తకం మందిరం బీరువాలో తాళం కింద ఉండేది. ఇప్పుడు ఉత్సాహవంతులైన యువకులు పాత రిజిస్టర్లను ఫొటోలు తీసి, యంత్రం చేత చదివించి పట్టికలు తయారు చేయించవచ్చునంటున్నారు. పట్టిక ముచ్చటగానే ఉంటుంది. వేలాది పేర్లను వేరొక జాబితాతో పోల్చి చూడడానికి మనిషికి నెలలు పడితే యంత్రానికి నిమిషం పట్టదన్న సంగతి మాత్రం ఆ ముచ్చటలో మరుగున పడుతున్నది. పార్లమెంటు 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది, 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి. చట్టం సంగతి అలా ఉండగా, సంఘ పెద్దలు కూర్చొని ఒక తీర్మానం చేయడానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రానక్కరలేదు. రిజిస్టరు గాని, ప్రార్థన మనవి గాని, పేరున్న ఏ కాగితం గాని యంత్రానికి ఇవ్వరాదని మినిట్స్ పుస్తకంలో ఒక వాక్యం రాసుకొంటే చాలు. క్లౌ దొర పదిహేను నెలలు చేయి వెనక్కి తీసుకొన్నట్లే ఇదీను.

ఈ మధ్య కాలంలో గొంతులను అనుకరించే విద్య కూడా వచ్చింది. యూట్యూబులో ప్రసంగాలు పెట్టే ప్రతి కాపరి గొంతూ దొంగలకు అందుబాటులో ఉన్నట్లే. అయ్యగారి గొంతుతోనే ‘అత్యవసరంగా కానుక పంపండి’ అని ఫోను వస్తే ముసలివారు పంపరని చెప్పలేము. డబ్బు సంగతి ఏదైనా ముఖాముఖిగానే అడుగుతామని కాపరులు వేదిక మీద నుంచి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇక కులం విషయం. 2025 అక్టోబరులో అమెరికా పత్రిక ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ యంత్రాలను కులం విషయంలో పరీక్షించి ఫలితాలను ప్రకటించింది. వాక్యంలో ఖాళీ ఉంచి, బ్రాహ్మణుడా దళితుడా ఎవరో పూరించమన్నారు. చదువు, తెలివి అన్న చోట బ్రాహ్మణుడని, మురుగు శుభ్రం చేసే చోట దళితుడని యంత్రం అత్యధిక సందర్భాలలో పూరించింది. యంత్రానికి ఎవరి మీదా పగ లేదు. లోకం రాసి పెట్టిన రాతలే అది చదువుకొన్నది, ఆ రాతలు ఎవరివో ఎవరికి తెలియదు? రేపు ఉద్యోగపు దరఖాస్తును, బ్యాంకు అప్పును ఇటువంటి యంత్రమే వడబోస్తే దెబ్బ తగిలేది ఎక్కువగా తెలుగు సంఘాలు నిండి ఉన్న పేటలకే. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడిలో అడుగుపెట్టనివ్వని మనిషి గబ్బిలం చేత శివుడికి కబురు పంపుకొంటాడందులో. ఆ గొంతు కావ్యంలోకి జాషువా ప్రవేశపెడితే వచ్చింది. యంత్రంలోకి తనంతట తాను వస్తుందనుకోవడం భ్రమ. హైదరాబాదులోనూ, అమెరికాలోనూ ఈ రంగంలోనే పనిచేస్తున్న తెలుగు క్రైస్తవ యువకులు ఉన్నారు. వారు సెలవులకు వచ్చినప్పుడు మందిరానికి మైకు సెట్టు, ఏసీ కొనిపెట్టమని అడగడం పెద్దలకు అలవాటు. ఈసారి అదే పరీక్షను తెలుగులో జరిపి, ఫలితాలు పత్రికలకు ఇవ్వమని అడిగితే మరింత ప్రయోజనం. ముందుగా తమ సంఘాలలో కులాల వారీ పెత్తనాలు, కులాల వారీ సంబంధాలు పోలేదన్న సంగతి కూడా పెద్దలు గుర్తుంచుకోవాలి. యంత్రం చదువుకొన్న రాతలలో ఆ నడత కూడా ఉన్నది.

పై స్థాయిలో జరగవలసినవి జరుగుతూనే ఉన్నాయి. అమెరికాలోని సదరన్ బాప్టిస్టుల నైతిక విషయాల కమిషన్ చొరవతో 2019 ఏప్రిల్‌లో ఒక ప్రకటన వెలువడింది. వాటికన్ పక్షాన 2020 ఫిబ్రవరి 28న రోములో వెలువడిన నీతి పత్రం మీద మైక్రోసాఫ్ట్, ఐబీఎం కంపెనీలు సంతకాలు చేశాయి. పోప్ ఫ్రాన్సిస్ 2024 జూన్‌లో ఇటలీలో జరిగిన జి-7 దేశాధినేతల సమావేశానికి వెళ్ళి, మనిషి ప్రాణం తీసే నిర్ణయం ఏ యంత్రానికీ అప్పగించరాదని చెప్పి వచ్చారు. కంపెనీలు సంతకాలు ఎంతవరకు నిలబెట్టుకొంటాయో చూడవలసి ఉంది. సంతకం చేసినంత తేలిక కాదది. వీటన్నిటిలోకి ఆలోచించదగ్గది 2025 మేలో ఎన్నికైన కొత్త పోప్ తన పేరును గూర్చి చెప్పిన మాట. కార్ఖానాలు కార్మికులను పిండుతున్న కాలంలో 13వ లియో 1891లో కార్మికుల పక్షాన లేఖ రాశారు. కృత్రిమ మేధ నేడు అటువంటి సమస్యనే తెచ్చింది గనుక అదే పేరు పెట్టుకొన్నానని 14వ లియో వివరించారు.

కార్మికులన్న మాట ఊరికే అన్నది కాదు. ఈ యంత్రాలు తమంతట తాము నేర్చుకొంటాయని జనం అనుకొంటారు. ఏది మంచి మాట, ఏది చెడ్డ మాట అని గుర్తులు పెట్టి నేర్పేది మనుషులే. కెన్యా రాజధాని నైరోబీలో గంటకు రెండు డాలర్ల లోపు కూలికి యువతీయువకులు హత్యలు, అత్యాచారాల రాతలు రోజంతా చదివి గుర్తులు పెట్టారని టైమ్ పత్రిక 2023 జనవరిలో బయటపెట్టింది. చదివి చదివి మనసు చెదిరినవారున్నారు. శనివారం రాత్రి ఫోనులో వచ్చే ఆ శుభ్రమైన ప్రసంగం వెనుక ఇటువంటి మనుషుల కష్టం ఉన్నది. ఇంటి వద్ద కూర్చొని కంప్యూటరులో గుర్తులు పెట్టే ఉద్యోగాలంటూ ఈ పని తెలుగు పల్లెలకూ రాకపోదు. వచ్చిననాడు ఆ పిల్లల కూలి ఎంత, వారికి చూపిస్తున్నది ఏమిటి, రాత్రి నిద్ర పడుతున్నదా అని అడిగే దిక్కు సంఘమే కావాలి. కాలువ గట్టు మీద మేస్త్రీలుగా నిలబడిన సువార్తికులు చేసింది ఇదే.

ఇంతగా హెచ్చరికలు చెప్పినంత మాత్రాన యంత్రం వల్ల మేలు లేదని కాదు. చూపు లేనివారికి, అక్షరం రానివారికి అది చదివి వినిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వపు భాషిణి పథకం 2022లో మొదలయింది. అందులో భాషాదానం పేరిట ఎవరైనా తమ భాషలో మాట్లాడి గొంతు ఇవ్వవచ్చు. తెలుగు సంఘాలలో ఇవ్వదగిన గొంతులు ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి కాలం నుంచి వస్తున్న కీర్తనలను పుస్తకం లేకుండా, రాగతాళాలు తప్పకుండా పాడే ముసలమ్మలు ఇంకా కొందరు బతికి ఉన్నారు. కీర్తన ఒక్కటే కాదు. కరువులు, నాట్లు, పురుళ్ళు, వలసలు, పాత ఊరి పేర్లు, ఇప్పటి పిల్లలకు తెలియని వంటలు అన్నీ వారి మాటల్లోనే ఉన్నాయి. పారాయణంలో దొరకని తెలుగు అది. ఆమె ఒప్పుకొన్నట్లు కాగితం రాయించుకొని, ఎవరికి ఇస్తున్నారో ఆమెకు అర్థమయ్యేటట్లు చెప్పి, వద్దన్నది చెరిపివేసే షరతు మీద, ఆదివారపు బడి పిల్లలు ఫోనుతో రికార్డు చేయవచ్చు. ఒక ప్రతి సంఘం దగ్గర, ఒక ప్రతి ఆమె ఇంట్లో ఉండాలి. మెటా సంస్థకు ఒక్కొక్క భాషకు సరిపోయినది సగటున 32 గంటలు. ఆదివారానికి గంట చొప్పున ఎనిమిది నెలల లోపు పని.